పసుపు అంటకముందు

సెప్టెంబరు 14, ఆదివారం

అనుమానం ఉంది కాబట్టి ఆగుతున్నానా, లేక ఆగిపోవడానికే అనుమానాన్ని వెతుక్కుంటున్నానా?

ఈ ప్రశ్న మొదటిసారి వేసుకున్నది తిరుపతిలో, ఎం.టెక్ హాస్టల్ గదిలో. అప్పుడు ఒక పెళ్ళి సంబంధం గురించి. తర్వాత పి.హెచ్‌డి. గురించి. ఆ తర్వాత కాలేజీవాళ్ళు కాంట్రాక్టు పొడిగిస్తామన్నప్పుడు. ఆలోచించుకుని చెబుతానన్నాను. నేను చెప్పేలోపే నా ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులు ఇంకొకరికి ఇచ్చేశారు. ఈసారి ల్యాప్‌టాప్ గురించి. ప్రశ్న మారలేదు, దాని హోదా మాత్రం తగ్గుతూ వస్తోంది.

పాత ల్యాప్‌టాప్ ఇవాళ కూడా అక్కడే ఆగింది. తెర మీది పడవ బొమ్మను చుట్టూ తిప్పి చూద్దామంటే సగం తిరిగి బిగుసుకుపోతుంది. ఐసు గది కనబడుతుంది, క్యాబిన్ కనబడదు. ఆపి, మళ్ళీ తెరిచి, మళ్ళీ తిప్పి. మధ్యాహ్నమంతా ఇదే.

సెప్టెంబరు 16, మంగళవారం

తేంగాయితిట్టు రేవుకు వెళ్ళాను. అణ్ణాదురై గారి పడవల షెడ్డులో ఫైబర్ వాసనకు ఇప్పటికీ తల తిరుగుతుంది. ఆయన కొత్తగా కట్టబోయే పెద్ద పడవకు కంప్యూటర్‌లో బొమ్మ చేస్తున్నాను. కొనేవాళ్ళు దాన్ని అన్ని పక్కల నుంచీ తిప్పి చూసుకుని, క్యాబిన్ ఇంకాస్త వెనక్కి, ఐసు గది ఇంకాస్త పెద్దగా అని ముందే చెప్పేస్తే, కట్టాక కోసుకునే బాధ ఉండదని ఆయన ఆలోచన. మంచి ఆలోచనే. పాత ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి చూపించాను. తిప్పాను. ఆగింది.

ఆయన అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆయనది తమిళం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"టీచరమ్మా, ఒక పక్కే చూపిస్తే ఎట్లా? రెండో పక్క చేపలు చూసుకుంటాయా?"

షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"విజయదశమి మరునాడు ముగ్గురు ఓనర్లు వస్తారు. వాళ్ళ ముందు ఇది తిరగాల. తిరిగిందా, వాళ్ళ ముగ్గురి పడవలూ మీ చేతికే. లేదా, చెన్నైలో ఒక కంపెనీ వాడు రోజూ ఫోన్ చేస్తా ఉన్నాడు. వాడి దగ్గర అన్నీ తిరుగుతాయంట."

ఆటోలో వస్తూ లెక్కవేసుకున్నది డబ్బు కాదు. కాలేజీలో పదమూడేళ్ళు కాలేజీ పేరు. ఇంట్లో మా చీరల అంగడి పేరు. ఈ పడవ బొమ్మ మీద మూలన చిన్న అక్షరాల్లో నా పేరు ఉంది. అదొక్కటే.

సెప్టెంబరు 18, గురువారం

కొనాల్సిందే. ఏది కొనాలో కూడా తేల్చుకున్నాను. రెడ్డియార్‌పాళయంలో సుధాకరన్ కంప్యూటర్ల కొట్లో ఉంది. ఈ పనికి కావలసిన గ్రాఫిక్స్ చిప్పు ఉన్నవాటిలో నేను అందుకోగలిగినది అదొక్కటే.

సాయంత్రం దీక్షిత కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఫోన్ నా ముఖం ముందు పెట్టింది.

"అమ్మా, నువ్వు చెప్పిన మోడలే ఇది. చూడు. చిప్పు పోతా ఉందంట."

చదివాను. వాడగా వాడగా చిప్పు వేడెక్కి, చల్లబడి, మళ్ళీ వేడెక్కి, దాని కింది టంకం నెర్రెలు బారుతుందట. మొదట తెర మీద రంగు గీతలు. ఆపైన నలుపు. కంపెనీ వాళ్ళు "కొద్ది సంఖ్యలో మాత్రమే" అన్నారు. ఏ నెలలో తయారైనవో చెప్పలేదు.

"ఏ నెలవో చెప్పి ఉంటే బాగుండేది" అన్నాను.

"చెప్తే మాత్రం నువ్వు నమ్మతావా?" అంది నా కూతురు.

సెప్టెంబరు 19, శుక్రవారం

కొనకూడదు.

సెప్టెంబరు 20, శనివారం

అన్నం తింటున్నప్పుడు పట్టాభికి చెప్పాను. (మా ఆయనను పేరు పెట్టి పిలిచేది ఈ పుస్తకంలోనే. ఈ ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదవడం వచ్చింది నాకొక్కదానికే. దీనికి తాళం అక్కర్లేదు.)

ఆయన మజ్జిగ కలుపుకుంటూ, ఇందులో ఆలోచించడానికి ఏముందన్నట్టు చూశాడు.

"సుధాకరన్ ఇంటి ఆడవాళ్ళకి మనం చీరలు మూట కట్టి పంపతాం కదా. నచ్చింది ఉంచుకొని మిగతాది తిరిగిస్తారు. వాణ్ణి కూడా అట్లనే ఇమ్మందాం. ఇంటికి తెచ్చుకో, పండగ దాకా వాడి చూడు. మంచిదైతే ఉంచుకో."

"ల్యాప్‌టాప్ చీర కాదండీ."

"అంగడి అంగడే."

ఆయన చెయ్యి కడుక్కోకముందే ఫోన్ చేశాడు. అవతల సుధాకరన్ నవ్వడం నాకు వినిపించింది. అయిపోయింది, సరే అన్నాడట.

అత్తమ్మ ఊరుకుంటుందా? "పసుపు అంటకుండా చూసుకోమ్మే" అంది. వెంటనే పాత కథ మొదలు. ఎవరో మీనాక్షట, మూటలోంచి పట్టుచీర తీసి, కొంగు మూలకు పసుపు పెట్టి, పెళ్ళికి కట్టుకుని, మరునాడు ఉతికి, ఇస్త్రీ చేసి, నచ్చలేదని తిరిగి తెచ్చిందట. అప్పుడు గల్లా దగ్గర కూర్చునేది అత్తమ్మే. మడత విప్పలేదు. మూల పట్టుకుని ఒక్కసారి వాసన చూసింది.

"'ఏందమ్మా, పసుపు పెట్టినాక చీర నీది. తీసకపో' అన్నా. మూటలో ఉన్నంత వరకే అంగడిది. ఉతికితే మాత్రం వాసన యాడికి పోతాది?"

మా అత్తమ్మ జయమ్మాళ్ ముక్కు అంటే ఇప్పటికీ బజారులో పెద్దవాళ్ళు నవ్వుకుంటారు.

సెప్టెంబరు 22, సోమవారం

వచ్చింది. సుధాకరన్ మనిషి తెచ్చి ఇచ్చాడు. డబ్బా నేనే విప్పాను, అట్ట చిరగకుండా, తిరిగి పెట్టడానికి వీలుగా. తెర మీది పల్చని ప్లాస్టిక్ కాగితం తియ్యలేదు.

మా గదిలో మంచం పక్కనే ప్లగ్ ఉంది, కిటికీ ఉంది. ఇక్కడే నా ఆఫీసు.

పడవ తిరిగింది.

ముక్కు, కుడి పక్క, ఇంజను గది వెనక భాగం, ఎడమ పక్క, మళ్ళీ ముక్కు. ఎక్కడా ఆగలేదు. నా సొంత పడవకు ఎడమ పక్క ఎలా ఉంటుందో నేనూ ఇవాళే పూర్తిగా చూశాను. అక్కడ నిచ్చెన తప్పు చోట పెట్టాను. అది కూడా ఇవాళే తెలిసింది.

పొద్దు పోయేదాకా తిప్పుతూనే ఉన్నాను. పని కోసం కాదు.

సెప్టెంబరు 23, మంగళవారం

అడుగున అరచెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. వేడి కాదు. వెచ్చన.

సెప్టెంబరు 24, బుధవారం

వేడా?

సెప్టెంబరు 26, శుక్రవారం

కోయంబత్తూరులో ఒకతనికి నాలుగో నెలలో గీతలు వచ్చాయట. ఫోటో పెట్టాడు. ఆకుపచ్చ, గులాబీ. ఇంకొకామె రెండేళ్ళుగా వాడుతున్నానని, ఏమీ కాలేదని రాసింది. అతను రాసింది మూడుసార్లు చదివాను. ఆమె రాసింది ఒక్కసారి. ఆమె ఏం పని చేస్తుందో, దాన్ని ఎంతసేపు వేడెక్కిస్తుందో తెలియదు కదా.

నిచ్చెన సరిచేశాను. ఐసు గది మూత కూడా. పని మాత్రం పరిగెడుతోంది. చేతులు తెలివిగా ఉన్నాయి, నేనే ఇలా.

దీక్షిత వచ్చి, నా చెయ్యి ల్యాప్‌టాప్ అడుగున ఉండటం చూసింది.

"జ్వరమా దానికి?"

"లేదు."

"మరి నీకు?"

సెప్టెంబరు 28, ఆదివారం

సుధాకరన్ కొట్టుకు నేనే వెళ్ళాను. ఫోన్‌లో అడిగితే మొహం కనబడదు.

అతను నాతో సగం తమిళం, సగం మా ఇంటి తెలుగు మాట్లాడతాడు. చుట్టూ పండగ బేరాల రద్దీ. అయినా కుర్చీ వేశాడు.

"అక్కా, అబద్ధం చెప్పను. ఒకటి తిరిగొచ్చింది. కంపెనీకి పంపినా, మార్చి ఇచ్చినారు."

"ఎన్ని అమ్మితే ఒకటి?"

"బాగానే అమ్మినా."

"బాగానే అంటే?"

అతను నవ్వాడు. "మీరు చీర కొనేటప్పుడు కూడా ఇట్లనే అడగతారా? ఎన్ని చీరలు చాయ పోయినాయి అని? సముద్రం పక్కన ఉండాము అక్కా. ఈ ఊళ్ళో ఉప్పు గాలికి తలుపు బిజాగరాలే తుప్పు పడతాయి. దేనికి గ్యారంటీ?"

"కంపెనీ గ్యారంటీ ఇస్తోంది కదా."

"ఒక సంవత్సరం ఇస్తాది. ఆ తర్వాత మీరు, నేను, సామి."

అతను అబద్ధం చెప్పలేదని నమ్మకం కలిగింది. అందువల్ల భయం ఎక్కువైంది. అబద్ధం చెప్పి ఉంటే తిరిగి ఇచ్చేసేదాన్ని.

విజయదశమి అయ్యాక ఏ సంగతో చెప్పమన్నాడు.

సెప్టెంబరు 30, మంగళవారం

పడవ పూర్తయింది. పడవకు పేరు అడిగితే, ఓనర్లు పెట్టుకుంటారులే అన్నారు అణ్ణాదురై గారు. ముక్కు మీద ఖాళీగా వదిలాను.

ఇల్లంతా కడిగారు. రేపు ఆయుధ పూజ. అత్తమ్మ హాల్లో బల్ల వేయించి తెల్ల గుడ్డ పరిపించింది. ఇంట్లో పనిముట్లన్నీ సాయంత్రం నుంచే దాని మీదికి చేరుతున్నాయి. కత్తెర, గజం కర్ర, కత్తిపీట, పట్టాభి బండి తాళం, దీక్షిత పుస్తకాలు. రేపు పూజ అయ్యాక వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. మళ్ళీ విజయదశమి పొద్దున దీపం పెట్టి తీసుకోవాలి.

ఛార్జింగ్ తగ్గింది. బల్ల పక్కన ప్లగ్ ఉంది కదా అని అక్కడ పెట్టాను. గజం కర్ర కాస్త జరిపాను, చోటు లేక.

రేపు లేవగానే తీసేయాలి.

అక్టోబరు 1, బుధవారం

తియ్యలేదు. తలకు స్నానం, పొంగలి, గుమ్మానికి మామిడాకులు, అంగడికి పంపాల్సిన పళ్ళేలు. హాల్లోకి వచ్చేసరికి హారతి ఇస్తున్నారు.

ల్యాప్‌టాప్ మూత మీద మూడు గంధం బొట్లు, మధ్యలో కుంకుమ. నీళ్ళగా కలిపిన గంధం ఒక చుక్క పక్కకు జారి, గాలి వచ్చే సందుల్లోకి దిగింది. చామంతి పువ్వు ఒకటి. కొత్త చీరకు పెట్టినట్టే ఒక మూలకు పసుపు.

"అత్తమ్మా! అది మనది కాదు!"

హారతి పళ్ళెం ఆగలేదు. హారతి ఇచ్చేటప్పుడు ఆవిడ ఎవరికీ జవాబు చెప్పదు. పూర్తయి, అందరి కళ్ళకూ అద్దాక అడిగింది:

"ఏంది మనది కాదు?"

"తిరిగి ఇవ్వాల్సి వస్తే?"

"పసుపు పెట్టినాక ఎట్ల ఇస్తావు?"

దీక్షిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది నవ్వేనని నాకు తెలుసు. పట్టాభి మాత్రం నవ్వలేదు. కర్పూరం పొగలో కళ్ళు నులుముకుంటూ అన్నాడు:

"సరే, ఇంగ మనదే. పొరి తిను."

మరమరాలు, బెల్లం చేతిలో పోశాడు. నమిలాను. వాళ్ళందరికీ తేలిపోయింది. ఇన్ని రోజులుగా నేను తేల్చలేనిది ఒక చుక్క పసుపుతో తేలిపోయింది. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ కోపం కింద ఇంకేదో ఉంది. దాని పేరు ఇక్కడ రాయను.

ఇవాళంతా ముట్టుకోకూడదు. రెండుసార్లు హాల్లోకి వెళ్ళి చూసి వచ్చాను. పువ్వు అలాగే ఉంది.

అక్టోబరు 2, గురువారం

దీపం పెట్టి తీసుకున్నాను. దూదితో తుడిచాను. పైన పోయింది. సందుల్లో గంధం ఎండిపోయి ఉంది, పుల్లతో లాగితే సగం వచ్చింది, సగం లోపలికి పోయింది.

తెరిచాను. వెలిగింది. పడవ తిరిగింది.

సాయంత్రం సుధాకరన్ పండగ పలకరింపుకు వచ్చాడు. దాచడానికేం లేదు, తెచ్చి చూపించాను. మూత మీద పసుపు మరక ఇంకా లేతగా ఉంది. అతను పగలబడి నవ్వాడు.

"ఇంతేనా అక్కా? స్పిరిట్టు వేసి తుడిస్తే పోతాది. వద్దనుకుంటే ఇచ్చేయండి. నేను తీసుకుంటా. ఇదేమన్నా చీరనా, వాసన పట్టేదానికి?"

అతను వెళ్ళాక పట్టాభి అన్నాడు: "చూసినావా, వాడు సరే అంటాడు. అందుకనే ఇయ్యకూడదు."

అంటే తేల్చడం మళ్ళీ నా చేతికే వచ్చింది.

అక్టోబరు 3, శుక్రవారం

తేంగాయితిట్టు. పొద్దున్నే వేలంపాట అయిపోయి రేవంతా తడిగా ఉంది. షెడ్డులో కొత్త పడవలకు కూడా గంధం బొట్లు, ముక్కుకు నిమ్మకాయలు. నా చేతిలో ఉన్న దానికీ, వాటికీ ఒకే రంగు మరకలు. అణ్ణాదురై గారు చూసి, "ఇదీ మన జాతే" అన్నారు.

ముగ్గురు ఓనర్లు ఐసు పెట్టెల మీద కూర్చున్నారు. తిప్పాను. తిరుగుతూనే ఉంది. వాళ్ళలో ఒకాయన తెర దగ్గరికి వచ్చి, వేలు పెట్టి, వల లాగే చోట ఇద్దరు నిలబడాలమ్మా, ఒకడికే చోటిచ్చావు అన్నాడు. అక్కడికక్కడే క్యాబిన్‌ను వెనక్కి జరిపి చూపించాను. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు నేను చాలా ఏళ్ళుగా ఎవరి ముఖంలోనూ చూడలేదు, నా పని చూసి.

"చెన్నై వాడికి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తా టీచరమ్మా" అన్నారు అణ్ణాదురై గారు.

అప్పుడే అనుకుంటాను. తెర అంచున ఒక గీత. సన్నగా, ఆకుపచ్చగా. మిణుక్కుమని పోయింది. షెడ్డు రేకుల సందులోంచి ఎండ పడుతోంది, రేవు నీళ్ళ మీంచి వెలుగు కదులుతోంది. అదే అయి ఉండొచ్చు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఆటోలో పడవను తిప్పుతూ కూర్చున్నాను. రాలేదు.

అక్టోబరు 4, శనివారం

గీత రాలేదు. కానీ వేడెక్కినప్పుడల్లా సన్నగా గంధం వాసన వస్తోంది. పడవ రెండు చుట్లు తిరగగానే వస్తుంది, ఆపితే పోతుంది.

సుధాకరన్ వాసన పట్టదన్నాడు. పట్టింది. ఇక దీన్ని తిరిగి ఇస్తే, మరెవరో కొత్తదని కొనుక్కుని, వాళ్ళింట్లో ఈ వాసన వస్తుంది. కాబట్టి ఇవ్వలేను. కాబట్టి కొన్నట్టే. హాయిగా అనిపించింది.

ఆ హాయి మీదే మళ్ళీ అనుమానం వచ్చింది. ల్యాప్‌టాప్ తీసుకుని అత్తమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వరండాలో చామంతులు విడదీస్తోంది.

"అత్తమ్మా, ఇది వాసన చూడండి."

నా ముఖం చూసింది, నవ్వులాటకు అంటున్నానేమోనని. నవ్వలేదు. ల్యాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని, పడవ తిరుగుతుండగా, సందుల దగ్గర ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుంది. చాలాసేపు. బజారంతా నమ్మిన ముక్కు.

"ఏం వాసనా లేదు."

"గంధం?"

"లేదమ్మే. సుమ్మా, వట్టి వేడి వాసన." తిరిగి నా చేతిలో పెట్టింది. "తిరిగిచ్చేయాలనుంటే ఇచ్చేయ్. నేనేమన్నా అనుకుంటానని ఉంచుకోవద్దు."

"మరి ఆరోజు పసుపు పెట్టినాక ఎట్ల ఇస్తావన్నారు?"

"నువ్వే కదా తెచ్చి బల్ల మీద పెట్టినావు. గజం కర్ర జరిపి మరీ పెట్టినావు, నేను చూస్తానే ఉండా. అడగలేక పెట్టినాది, కొనుక్కోవాలని ఉండాది అనుకున్నా."

చామంతి కాడలు తుంచుకుంటూ కూర్చుంది. ప్లగ్ కోసం పెట్టానని చెప్పాలి కదా. మంచం పక్క ప్లగ్ బాగానే ఉంది కదా అని ఆవిడ అడగదు. అయినా చెప్పలేదు.

అక్టోబరు 5, ఆదివారం

పొద్దున సుధాకరన్ ఫోన్.

"ఏంది అక్కా, ఉంచుకుంటారా? బిల్లు అంగడి పేరు మీద వేసేదా?"

"కాదు. హేమావతి అని వెయ్యండి. నా పేరు."

అని పెట్టేశాను. ఇంత తొందరగా నేనేదీ చెప్పినట్టు గుర్తులేదు. తెర మీది ప్లాస్టిక్ కాగితం ఒక మూల పట్టి లాగితే, ఒక్క లాగుకే వచ్చేసింది.

మొదటి ఓనరు పడవ మొదలుపెట్టాను. వల లాగే చోట ఇద్దరికి జాగా వదిలాను.

కొన్నాను. అది తేలింది. షెడ్డులో ఆ గీత వచ్చిందో, ఎండ మెరిసిందో ఎప్పటికైనా చిప్పే చెబుతుంది, దాన్నీ వదిలేస్తాను. కానీ మంగళవారం సాయంత్రం గజం కర్ర జరిపినప్పుడు నేను నిజంగా ప్లగ్ కోసమే వెతుకుతున్నానా, లేక కొనాలన్న మాట నా నోటితో అనకుండా అత్తమ్మ చేతి పసుపుతో అనిపించుకున్నానా? ఆ సాయంత్రం రాసిన పేజీ ఇప్పుడే మళ్ళీ చదివాను. నా అక్షరాలే. చూసి చెప్పలేకపోతున్నాను.

పడవ తిరుగుతోంది. గంధం వాసన వస్తోంది. నాకు.